రెండో బేస్ ముందు మట్టి

మట్టి విషయంలో నా మాటకు అడ్డు చెప్పేవాళ్లు ఇప్పుడు ఈ ఎమిరేట్స్ దేశంలో తక్కువ. గొప్పకు అనడం లేదు. బేస్‌బాల్ మైదానానికి మట్టి పరిచి, దానికి సరైన వేళకు నీళ్లు పెట్టి, బంతి ఎక్కడ పడినా ఒకే తీరున లేచేలా చేయగలవాళ్లు ఇక్కడ కొద్దిమందే ఉన్నారు. వాళ్లలో నేనొకణ్ని. ఈ పని నేను ఏ కాలేజీలోనూ చదవలేదు. సగం మా నిజామాబాద్ జిల్లా పసుపు చేలల్లో నేర్చుకున్నాను. కొంత అల్ ఐన్ ఖర్జూరపు తోటల్లో నేర్చుకున్నాను. మిగిలింది జపాన్ నుంచి వచ్చిన ఒక ఆటగాడి దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది ఎక్కువగా ఆయన సంగతే.

2020లో నేను దుబాయ్‌లో సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండేవాణ్ని. ఏసీ డక్టులు బిగించే పని. కరోనాతో సైట్లు మూతపడ్డాయి. గదిలో ఎనిమిది మందిమి మంచాల మీద కూర్చుని కిటికీలోంచి ఖాళీ బస్సులను చూస్తూ ఉండేవాళ్లం. కంపెనీ కొన్నాళ్లు తిండి పెట్టి, ఆ తర్వాత ఖలాస్, ఇక పని లేదు అంది. మా గదిలో ఆరుగురు విమానం ఎక్కి ఇళ్లకు వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు. అల్ ఐన్‌లో ఒక ఖర్జూరపు తోటలో నీళ్లు పెట్టే మనిషి కావాలని తెలిసి అక్కడికి పోయాను.

ఆ తోటలో ఏడాదికి పైగా ఉన్నాను. అక్కడి బోరు నీళ్లలో ఉప్పు. రోజూ కాసిన్ని పెడితే ఎండకు నీరు ఆవిరై, ఉప్పు పైకి వచ్చి మొదళ్ల చుట్టూ తెల్లగా పేరుకునేది. నాలుగు రోజులకు ఒకసారి నిండా పారిస్తే ఉప్పు కిందికి దిగి మట్టి నల్లగా, మెత్తగా ఉండేది. నాకు ఎవరూ చెప్పలేదు. చూసి తెలుసుకున్నాను.

తర్వాత దుబాయ్‌లో తోటలు, పచ్చిక చూసే ఒక కంపెనీలో చేరాను. ఊరి చివర కొన్ని క్రికెట్ మైదానాలు మా చేతిలో ఉండేవి. ఒక చలికాలం వాటిలో ఒకదాన్ని బేస్‌బాల్‌కు మార్చారు. ఎవరో కొత్తగా లీగ్ పెడుతున్నారని, దేశదేశాల ఆటగాళ్లు వస్తారని అన్నారు. సున్నంతో గీతలు గీసి, నాలుగు మూలలా బేస్‌లు పెట్టినప్పుడు మా బృందంలో మిగతావాళ్లకు అది ఏమిటో తెలియలేదు. నాకు తెలుసు. మా జిల్లాలో సర్కారు బడి పిల్లలు సాఫ్ట్‌బాల్ ఆడతారు. బేస్‌బాల్‌కు చెల్లెలు లాంటి ఆట అది. నేను పదో తరగతి నుంచి ఇంటర్ దాకా జిల్లా జట్టులో షార్ట్‌స్టాప్‌ని, అంటే రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ మధ్య నిలబడేవాణ్ని. ఇంటర్ తర్వాత ఐటీఐ, ఆ తర్వాత దుబాయ్. పద్నాలుగేళ్లు బ్యాట్ ముట్టుకోలేదు.

ఆట తెలియనివాళ్లకు ఒక్క మాట. బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద ఎగురుకుంటూ వస్తే, బేస్‌ల దగ్గర నిలబడ్డ ఆటగాడు దాన్ని అందుకుని, బ్యాటర్ పరుగెత్తి మొదటి బేస్ చేరేలోపు అక్కడికి విసరాలి. అందుకు దొరికే సమయం ఊపిరి పీల్చి వదిలినంత. ఆ బంతి ఎలా లేస్తుందో చెప్పేది మట్టి. బేస్‌ల దగ్గర ఆడే వాళ్ల బతుకంతా ఆ మట్టి మీదే.

మాకు ఆ మట్టి సంచుల్లో ఓడ మీద వచ్చింది. దానితోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. రోజూ పొద్దున ఐదింటికి ఇంతసేపు నీళ్లు చల్లాలి అని అందులో రాసి ఉంది. అలాగే చల్లాం. మధ్యాహ్నానికల్లా నేల బండలా అయ్యేది. పైన పల్చటి పెచ్చు కట్టి, కాలు పెడితే అప్పడంలా విరిగేది.

ఆటగాళ్లు వచ్చిన మొదటి రోజు ఆ జపాన్ ఆయన్ని చూశాను. వయసు ముప్పై ఆరు అని తర్వాత తెలిసింది. పొట్టి మనిషి, సన్నటి నడుము, చెవుల పక్కన నెరిసిన వెంట్రుకలు. అందరూ మాట్లాడుకుంటూ మైదానంలోకి నడిచివచ్చారు. ఆయన మాత్రం గీత దగ్గర ఆగి, టోపీ తీసి, నడుము వంచి దండం పెట్టి, అప్పుడు అడుగు లోపల వేశాడు.

మా ఫోర్‌మన్ కడప ఆయన. దుబాయ్‌కి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. అందరం భాయ్ అంటాం. ఆయన నన్ను మోచేత్తో పొడిచాడు.

"ఎవురికప్పా దండం పెడతాండాడు? ఆడ ఎవురూ ల్యారే."

"గ్రౌండ్‌కే భాయ్."

"గ్రౌండ్‌కా? మనం రోజూ దాని మీద చెప్పులేస్కోని తిరగతాండామే!"

ఆ జపాన్ ఆయన రెండో బేస్ దగ్గరికి పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. బొటనవేలు మట్టిలో గుచ్చబోయాడు. దిగలేదు. తలెత్తి మా వైపు చూశాడు. కోపంగా చూడలేదు. రోగిని చూసిన డాక్టర్ ఇంటివాళ్ల వైపు చూసినట్టు చూశాడు.

మూడో రోజు సాయంత్రం నాలుగింటికి అనుకున్నంతా అయింది. కోచ్ కొట్టిన బంతి మామూలుగా వస్తూ వస్తూ ఆ పెచ్చు అంచుకు తగిలి ఒక్కసారిగా పైకి లేచి ఆయన మూతికి కొట్టుకుంది. పెదవి చిట్లి చొక్కా మీద రక్తం పడింది. మైదానం చూసే ముదీర్, అంటే మేనేజరు, ఆఫీసులోంచి అరుచుకుంటూ వచ్చాడు. భాయ్ ముఖం పాలిపోయింది.

"అయిపాయ. మన పన్లు పాయ," అన్నాడు నాతో.

ఆయన మాత్రం మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని, బంతి తగిలిన చోట వంగి ఆ పెచ్చును చేత్తో ఎత్తి చూసుకుంటున్నాడు. ముదీర్ వైపు తిరిగి, ఏం లేదు ఏం లేదు అన్నట్టు చేయి ఊపాడు.

మర్నాడు పొద్దున ఆరింటికి ఒక్కడే వచ్చాడు. నేను గొట్టం పట్టుకుని నీళ్లు చల్లుతున్నాను. జేబులోంచి ఫోన్ తీసి దానిలో ఏదో చెప్పాడు. ఫోన్ దాన్ని హిందీలో పలికింది. మా ఇద్దరి మధ్య మాటలన్నీ అలాగే నడిచాయి, ఫోన్ హిందీ కొంత, నాకొచ్చిన ఇంగ్లీషు కొంత, చేతి సైగలు చాలా.

"నీళ్లు రోజూ ఈ వేళకేనా?" అని అడిగింది ఫోన్.

"అవును సార్. కాగితంలో అట్లనే ఉన్నది."

"నువ్వైతే ఎప్పుడు పెడతావు?"

ఆ మైదానంలో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆయనే. నిజం చెప్పాలంటే, ఎవరైనా అడుగుతారా అని నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. గొట్టం కట్టేసి, "రండి సార్" అని సామాన్ల షెడ్డు వెనక్కి తీసుకుపోయాను.

అక్కడ మిగిలిపోయిన మట్టితో ఎవరికీ చెప్పకుండా నాలుగు అడుగుల వెడల్పున, పది పన్నెండు అడుగుల పొడవున ఒక మడి చేసుకున్నాను. రెండు రోజులకోసారి పొద్దుగూకే ముందు దానికి నిండా నీళ్లు పట్టేవాణ్ని. ఉప్పు కిందికి పోయేది. మధ్యాహ్నం పైపైన మాత్రం తడిపేవాణ్ని. ఆయన తన ఆట బూటు ముళ్లను దానిలో గుచ్చి పైకి తీశాడు. ముళ్లు తేలిగ్గా దిగాయి, తీసినప్పుడు పెళ్ల రాలేదు. మళ్లీ గుచ్చాడు, మళ్లీ తీశాడు. చిట్లిన పెదవితోనే నవ్వాడు. సంచిలోంచి బ్యాట్ తీసి నా చేతిలో పెట్టి, ఆ మడి అవతలి కొసకు పోయి వంగి నిలబడ్డాడు. కొట్టు అన్నట్టు చేయి చూపించాడు.

మొదటి బంతి పక్కకు పోయింది. రెండోది సరిగ్గా మడి మీద పడి, చక్కగా ఎగురుకుంటూ ఆయన గ్లవ్‌లోకి పోయింది. మూడోది, నాలుగోది అంతే. ఆయన లేచి నిలబడ్డాడు.

"యూ ప్లేయర్?"

"సాఫ్ట్‌బాల్ సార్. షార్ట్‌స్టాప్."

ఆయన తన గుండె మీద చేయి పెట్టుకుని, "సెకండ్. షార్ట్. థర్డ్. ఆల్," అని, వంగి నాకు దండం పెట్టాడు. ఏం చేయాలో తోచక నేను బ్యాట్ చంకలో పెట్టుకుని నమస్తే పెట్టాను.

మైదానం అంతటికీ ఇదే పద్ధతి చేద్దామని భాయ్‌ని అడిగితే ఆయన ఒప్పుకోలేదు.

"ఆ కాగితం రాసినోడు ఇంజనీర్ బ్బా. నువ్వేమో నీళ్లు పట్టేటోడివి. ఏమన్నా అయితే ముదీర్ నిన్ను కాదు, నన్ను అడుగుతాడు."

"భాయ్, రాసినాయన మంచిగనే రాసిండు. గని మన టాంకర్ నీళ్లల్ల ఉప్పున్నదని ఆయనకెట్ల ఎర్కైతది? ఆయన ఈడికి రానేలే."

"ఉప్పు ఉండాదని నీకెట్లా తెలుసు?"

నేను వంగి రెండో బేస్ పక్కన తెల్లగా ఉన్న పెచ్చును గోటితో గీకి ఆయన ముందు పెట్టాను. "నాలిక మీద ఏస్కో."

భాయ్ నన్ను ఎగాదిగా చూశాడు. అటూ ఇటూ చూసి వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. థూ అని ఉమ్మి, "ఉప్పే!" అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అడగకుండా ముదీర్ ఆఫీసు వైపు నడిచాడు.

నేను కూడా వెంట వెళ్లాను. భాయ్ అరబ్బీలో వివరంగా చెప్పాడు. నేను మూడు రోజులు గడువు ఇమ్మన్నాను. ముదీర్ కాగితం చూపించి తల అడ్డంగా ఊపుతున్నాడు. అప్పుడు తలుపు దగ్గర జపాన్ ఆయన కనిపించాడు. ఎవరు పిలిచారో తెలియదు. ఉబ్బిన మూతితో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముదీర్ ఆ మూతి వైపు చూశాడు, నా వైపు చూశాడు, కాగితం బల్ల మీద పెట్టాడు.

"మూడు రోజులే. యల్లా, పోండి."

ఆ మూడు రోజులు నేను తిండి కూడా మైదానంలోనే తిన్నాను. మొదటి సాయంత్రం నేలంతా నీళ్లు నిలిచేదాకా పారించాను. మరుసటి రోజు పెచ్చులన్నీ గీకి తీసి, దంతెతో గీరి, చదును చేసి, మళ్లీ పారించాను. మూడో రోజు మధ్యాహ్నం పైపైన తడిపాను. నాలుగింటికి ఆటగాళ్లు వచ్చారు. కోచ్ కొట్టిన బంతులు అటూ ఇటూ పోకుండా వచ్చాయి. ముదీర్ ఒక పావుగంట నిలబడి చూసి, భాయ్ భుజం తట్టి పోయాడు. భాయ్ వచ్చి నా భుజం తట్టాడు. నా భుజం ఆ రోజు కొంచెం వెడల్పయింది.

అప్పటి నుంచి జపాన్ ఆయన నన్ను త్సుచి-సాన్ అని పిలవడం మొదలుపెట్టాడు. త్సుచి అంటే వాళ్ల భాషలో మట్టి. సాన్ అంటే మన గారు లాంటిది. మట్టిగారు! భాయ్ పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఆ పిలుపు నచ్చింది.

రోజూ పొద్దున ఆరింటికి ఆయన వచ్చేవాడు. నేను బంతులు కొట్టేవాణ్ని, ఆయన అందుకునేవాడు. వంద బంతులయ్యాక ఇద్దరం దంతెలు పట్టుకుని మట్టి చదును చేసేవాళ్లం. ఆటగాడు దంతె పట్టడం చూసి మొదట భాయ్ కంగారుపడి లాక్కోబోయాడు. ఆయన ఇవ్వలేదు. జపాన్‌లో బడిపిల్లలు ఆట అయ్యాక మైదానాన్ని తామే చదును చేసి ఇంటికి పోతారట. ఆ పొడుగు దంతెను వాళ్లు తూనీగ అంటారట, దాని ఆకారం అలా ఉంటుందని. తొమ్మిదేళ్ల వయసు నుంచి తూనీగ పట్టానని చెప్పాడు.

ఆయన ఆట జీవితం నేను ఆ పొద్దుల్లో ముక్కలు ముక్కలుగా విన్నాను. తండ్రి చేపల మార్కెట్‌లో ఐసు మోసేవాడు. హైస్కూలు జట్లన్నీ కలలు కనే పెద్ద మైదానం ఒకటి ఉందట. వాళ్ల జట్టు అక్కడికి ఒక్కసారీ చేరలేదు. అయినా పద్దెనిమిదేళ్లకు ఒక పెద్ద జట్టు ఆయన్ని తీసుకుంది, అదీ చివరి పేర్లలో ఒకటిగా. జట్టుకు రెండు శ్రేణులు ఉంటాయి. పైశ్రేణి వాళ్లు దీపాల వెలుగులో నిండిన స్టేడియంలో ఆడతారు. కిందిశ్రేణి వాళ్లు పట్టపగలు ఎండలో, ఖాళీ కుర్చీల ముందు ఆడతారు. ఆయన ఆరేళ్లు ఎండలో ఆడాడు.

"ఆరేండ్లా? ఇంటికి పోవాలనిపియ్యలేదా సార్?" అని అడిగాను.

"రోజూ అనిపించేది," అంది ఫోన్. "కానీ పొద్దున లేచాక మొదటి బంతి వస్తే మరిచిపోయేవాణ్ని."

చివరికి పైశ్రేణికి తీసుకున్నారు. ఆయన బ్యాటింగ్ అంతంత మాత్రం. కానీ చేతులు గట్టివి. అందుకని ఆయనకు ఒక పని ఇచ్చారు. తమ జట్టు ముందంజలో ఉన్నప్పుడు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో, బాగా కొట్టే ఆటగాణ్ని కూర్చోబెట్టి ఆయన్ని రెండో బేస్ దగ్గర నిలబెట్టేవారు. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆయన వంతు చివరి రెండు. గెలుపు చేజారకుండా కాపలా. తొమ్మిదేళ్లు ఆ పనే చేశాడు. తప్పు చేయని రోజు ఎవరూ ఆయన పేరు తలచుకోరు. తప్పు చేసిన రోజు ఊరంతా తలచుకుంటుంది.

ముప్పై మూడో ఏట రెండో బేస్ దగ్గర అవతలి జట్టువాడు పరుగున జారుకుంటూ వచ్చి ఆయన ఎడమ మోకాలికి తగిలాడు. ఆపరేషన్ అయింది. మరుసటి ఏడాది శరత్కాలంలో ఆఫీసుకు సూట్ వేసుకుని రమ్మని ఫోన్ వచ్చింది. సూట్ అనగానే, ఇక జట్టులో ఉంచుకోరని అర్థమైపోయిందట. ఆ తర్వాత చిన్న లీగుల్లో ఒక ఏడాది. ఎడారిలో కొత్త లీగ్ అని వినగానే పేరు ఇచ్చేశాడు.

"భార్య ఏమన్నది సార్?"

ఆయన నవ్వి, ఫోన్ వాడకుండా ఇంగ్లీషులోనే చెప్పాడు. "షి సే, ఫినిష్. ప్రాపర్లీ ఫినిష్. దెన్ కమ్ హోమ్."

ఆటలు మొదలయ్యాక మొదటి వారాల్లో ఇక్కడ కూడా ఆయన్ని చివరి ఇన్నింగ్స్‌లలోనే దించారు. బాగానే ఆడాడు. సీజన్ మధ్యలో రెండో బేస్ దగ్గర ఆడే కుర్రవాడికి చేయి బెణికింది. దాంతో ఆయన ఒక మధ్యాహ్నం ఆట మొదటి నుంచీ నిలబడ్డాడు. నేను పక్క కంచె దగ్గర దంతెతో సిద్ధంగా ఉన్నాను. ఆరో ఇన్నింగ్స్‌లో ఆయన కుడివైపుకు ఒక బంతి వచ్చింది. గట్టి దెబ్బే, కానీ ఆయన వేలసార్లు అందుకున్న రకం. నా కళ్లు ఆటగాడి మీద ఉండవు, బంతి మీద ఉంటాయి. అది మూడుసార్లు లేచింది. మూడుసార్లూ ఉండాల్సిన ఎత్తే. ఆయన గ్లవ్ కింది నుంచి వేలెడు తేడాతో వెళ్లిపోయింది. రెండు పరుగులు వచ్చాయి. ఆట పోయింది.

అందరూ బస్సు ఎక్కుతుండగా ఆయన దంతె తీసుకుని ఆ చోటికి వచ్చాడు. ఇద్దరం మట్టి సర్దాం. తర్వాత ఫోన్ తీశాడు.

"ఈ రోజు బంతి సరిగ్గా వచ్చింది."

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "అవును సార్. మంచిగనే వచ్చింది."

"మోకాలికి దెబ్బ తగిలినప్పటి నుంచి నా చేతి నుంచి జారిన ప్రతి బంతికీ నేలదే తప్పు అనుకునేవాణ్ని. బయటికి అనలేదు. లోపల. ఇక్కడికి వచ్చిన కొత్తలో నా పెదవి పగిలినప్పుడు కూడా, నొప్పి పక్కన ఒక సంతోషం ఉంది. చూశావా, నేలదే తప్పు అని." బూటు కొనతో ఆ మట్టిని తాకాడు. "ఈ నేల మీద నేను ఆ మాట అనలేను."

ఇంత చేసి, ఆయనకు మిగిలిన ఒక్క సాకును కూడా తీసేశానా అనిపించింది. వెంటనే నోటికి వచ్చింది అనేశాను.

"సార్, రేపటి సంది రెండో బేస్ కాడ జర నీళ్లు ఎక్కువ పెడ్త. మెత్తగుంటది. బంతి నిదానంగ వస్తది. ఎవ్వరికీ ఎర్క కాదు."

ఫోన్ అది జపాన్ భాషలోకి మార్చి చెప్పింది. ఆయన ముఖం గట్టిపడింది. అంతవరకు ఆయన కోపం నేను చూడలేదు.

"నో," అన్నాడు. తర్వాత ఫోన్‌లో: "నేల అందరికీ ఒకటే. అవతలి జట్టులో కూడా ఒకడు అక్కడే నిలబడతాడు. వాడు నిన్ను నమ్మి నిలబడతాడు."

తల దించుకున్నాను. చిన్నప్పుడు మా పీఈటీ సారు కొట్టిన దెబ్బలకన్నా ఆ మాట గట్టిగా తగిలింది. ఆయన నా చేతిలోని దంతె కర్ర మీద తన చేయి వేసి, మెల్లగా, "త్సుచి-సాన్. థాంక్యూ ఫర్ గుడ్ గ్రౌండ్," అన్నాడు. ఆ సిగ్గు ఆ రాత్రి దాకా ఉంది. ఆ తర్వాత ఏ ఆటగాడి మీద ఇష్టంతోనూ, ఏ జట్టు మాట మీదా ఒక్క చుక్క నీరు ఎక్కువ తక్కువ పెట్టలేదు. ఒకరిద్దరు అడిగారు కూడా. పెట్టనన్నాను. నా ధైర్యం ఆ రోజుదే.

మర్నాడే ఆయన జట్టు పెద్దలకు ఈ సీజన్‌తో ఆపేస్తానని చెప్పేశాడు. చెప్పాక మనిషి తేలికయ్యాడు. పొద్దున వంద బంతులు మాత్రం మానలేదు. ఇంటికి పోయేవాడివి, ఇంకెందుకీ కష్టం అని భాయ్ అడిగితే, ఇంకా పోలేదు కదా అన్నాడు.

చివరి ఆట శనివారం మధ్యాహ్నం. ఆయన జట్టు ఒక పరుగు ముందుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆయన్ని దించారు. గీత దగ్గర టోపీ తీసి, దండం పెట్టి, రెండో బేస్ దగ్గరికి పరుగెత్తాడు. నేనూ భాయ్ కంచె పట్టుకుని నిలబడ్డాం. ఆయన వైపు ఒక మంచి బంతి రావాలని, అందుకుని విసరాలని, జనం చప్పట్లు కొట్టాలని ఇద్దరం మొక్కుకుంటున్నాం.

ఒక్క బంతి కూడా రాలేదు. రెండు ఇన్నింగ్స్‌లు, ఆరు అవుట్లు, అన్నీ వేరేవాళ్ల చేతుల్లోకే. కానీ నేను ఆ రోజు బంతిని వదిలేసి ఆయన్నే చూశాను. ప్రతి బంతికీ ముందు మోకాళ్లు వంచి, రెండు కాళ్ల వేళ్ల మీదికి లేచేవాడు. బంతి ఎటు పోయినా ఆయన ఎక్కడికో ఒకచోటికి పరుగెత్తేవాడు, ఎవరైనా వదిలేస్తే వెనక ఉండాలని. ఒక్కసారి కూడా ఊరికే నిలబడలేదు.

ఆట గెలిచారు. జట్టువాళ్లు ఆయన్ని మధ్యలోకి లాగి, చేతుల మీద ఎత్తి గాలిలోకి ఎగరేశారు. జపాన్‌లో వీడ్కోలు అలా ఇస్తారట. ఒకసారి, రెండుసార్లు, ఐదుసార్లు.

"ఒరే, నడుము ఇరగతాది బ్బా, మెల్లగా!" అని భాయ్ కంచె ఇవతలి నుంచి అరుస్తున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే అరుస్తున్నాడు.

తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు, "ఒక్క బంతీ రాలే సార్," అన్నాను.

"నా పని అదే," అంది ఫోన్. "చాలా రోజులు బంతి రాదు. వస్తుందన్నట్టు ఉండాలి."

ఆయన వెళ్లిపోయాడు. భార్య చెప్పినట్టే ముగించి వెళ్లాడు. ఇప్పుడు తన ఊరి దగ్గర ఒక హైస్కూలు జట్టుకు నేర్పుతున్నాడు. పోయిన ఏడాది ఒక వీడియో పంపాడు. వాన పడి, మూడో బేస్ దగ్గర నీళ్లు చెరువులా నిలిచి ఉన్నాయి. ఏం చేయాలి అని అడిగాడు. వాన సంగతి ఈ దేశంలో నన్నడుగుతావా సార్ అని నవ్వుకున్నాను. కానీ వీడియోను నాలుగైదుసార్లు ఆపి ఆపి చూశాను. గడ్డి మొదలయ్యే చోట మట్టి కొట్టుకొచ్చి గట్టులా పేరుకుంది. నీళ్లు గడ్డిలోకి పోవడానికి దారి లేదు. ఆ గట్టును పారతో చెక్కేయమని చెప్పాను. పది రోజులకు మళ్లీ వాన పడింది, మళ్లీ వీడియో వచ్చింది. నీళ్లు నిలవలేదు. పిల్లలంతా వరుసగా నిలబడి కెమెరాకు దండం పెట్టారు. క్యాంటీన్‌లో అన్నం తింటూ చూశాను. పక్కవాళ్లు ఎవరు వీళ్లంతా అని అడిగితే, నా శిష్యులు అన్నాను.

భాయ్ కిందటి రంజాన్ తర్వాత కడపకు వెళ్లిపోయి మామిడితోట చూసుకుంటున్నాడు. ఆయన కుర్చీ నాకు ఇచ్చారు. మొన్న చలికాలంలో అబూ దబీ వైపు ఒక బడివాళ్లు ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ మైదానం కావాలని పిలిచారు. ఆరుగురిని తీసుకుని దగ్గర్లోని మఫ్రఖ్‌లో గదులు తీసుకున్నాం. మట్టి నేనే కలిపాను. ఎంత జిగురు మట్టి, ఎంత ఇసుక అని ఎవరినీ అడగలేదు. పిడికిట్లో పట్టి చూసి చెప్పాను, వాళ్లు కలిపారు.

మొదటి ఆట రోజు మూడో బేస్ గీత పక్కన నిలబడ్డాను. నాలుగో బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద పడి, మోకాలి ఎత్తుకు లేచి, షార్ట్‌స్టాప్‌లో ఉన్న అమ్మాయి గ్లవ్‌లోకి పోయింది. ఆ అమ్మాయి దాన్ని మామూలుగా తీసి మొదటి బేస్‌కు విసిరింది. అవుట్. తల్లులు చప్పట్లు కొట్టారు. మట్టి వైపు ఎవరూ చూడలేదు. మంచి మట్టి వైపు ఎవరూ చూడరు. ఇన్నింగ్స్ అయ్యాక గొట్టం చుట్టి పక్కన పెట్టి, మావాళ్లతో కలిసి టీ తాగడానికి వెళ్లాను.